బొమ్మ మనదే... గొంతే వేరు!

సరిహద్దు ఇళ్లలో హిందీ మాట్లాడుతున్న తెలుగు హీరోలు
చెవితోనే బతుకుతున్న భాష

ఉప్పర్వాహి (చంద్రపూర్ జిల్లా): రాత్రి ఎనిమిది దాటిందంటే ఊళ్లో ఏ గల్లీలో నడిచినా ఇదే వరస. ఒక ఇంట్లోంచి మరాఠీ సీరియలు, పక్కింట్లోంచి హిందీ వార్తలు, ఆ పక్కింట్లోంచి దడదడమని ఫైటింగు. ఫైటింగు వినపడిన ఇంట్లోకి తొంగి చూస్తే టీవీలో అల్లు అర్జునో, రామ్‌చరణో ఉంటాడు. ఆయన మాట్లాడేది మాత్రం హిందీ. ఇంట్లో పెద్దవాళ్లకు ఆ బొమ్మ తెలుసు, కథ తెలుసు, వెనక వచ్చే సంగీతమూ తెలుసు. మాటే సగం సగం అందుతుంది. పిల్లలకేమో మాట బాగా అందుతుంది. అది తెలుగు సినిమా అన్న సంగతి ఎవరన్నా చెబితే తప్ప తట్టదు.

కోర్పనా తాలూకాలోని ఉప్పర్వాహి అంటే సిమెంటు ఊరు. గడ్‌చందూర్ నుంచి ఇటు వస్తే లారీలు, దుమ్ము, ఫ్యాక్టరీ హోరు. పని కోసం నలుమూలల నుంచి వచ్చినవాళ్లున్నారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. అయితే ఈ నేలకు తెలుగు నిన్న మొన్న వచ్చిన చుట్టం కాదు. 1956 దాకా రాజురా తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో భాగం. రాష్ట్రాల పునర్విభజనప్పుడు ముందు నాందేడ్‌కు, 1959లో చాందాకు వెళ్లింది. హద్దు గీత జరిగింది కానీ వియ్యాలు జరగలేదు. పిల్లనిచ్చేది, పిల్లను తెచ్చుకునేది ఇప్పటికీ వాంకిడి, ఆసిఫాబాద్, ఆదిలాబాద్ దిక్కే.

ఇక్కడే చిక్కు వచ్చి పడింది. మరాఠీ, ఇంగ్లిషు మీడియం బళ్లలో చదివే పిల్లలకు తెలుగు అక్షరం రాదు. పత్రిక చదవలేరు, పుస్తకం పట్టలేరు. వాళ్లకు తెలుగు చేరే దారి ఒక్కటే, చెవి. ఇంట్లో పెద్దల మాట ఒకటి, సినిమా ఒకటి. సినిమా కూడా హిందీలోకి మారిపోతే ఆ చెవికి మిగిలేదెంత? అవతలి ఊళ్లో పెళ్లికి పోయినప్పుడు మేనమామ పిల్లలతో మాట కలవక, మూలన ఫోను పట్టుకుని కూచునే పిల్లలను ఈ ప్రాంతంలో ఎవరైనా చూసే ఉంటారు.

అసలు సినిమాలో శబ్దం పనేమిటి? మాట మారితే ఏం పోతుంది, ఏం మిగులుతుంది? ఈ సంగతి కొంచెం వివరంగా చూద్దాం.

తెర లేని సినిమా

సినిమా 'చూస్తాం' అంటాం కానీ సగం పని చెవిదే. నమ్మకం లేకుంటే ఈ రాత్రే ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. మంచి ఫైటింగు నడుస్తున్నప్పుడు టీవీ సౌండు పూర్తిగా తగ్గించండి. రెండు నిమిషాల్లో అది పిల్లల ఆటలా కనపడుతుంది. దెబ్బ తగలకముందే మనిషి పడిపోతున్న సంగతి కూడా అప్పుడే తెలుస్తుంది! ఇప్పుడు సౌండు పెట్టి కళ్లు మూసుకోండి. కథ పెద్దగా తెగదు. వంటింట్లో జొన్నరొట్టెలు చేసుకుంటూ సినిమా చూసే ఆడవాళ్లకు ఈ విద్య ఎవరూ నేర్పనక్కర్లేదు. సంగీతం మారినప్పుడే వాళ్లు గుమ్మం దాకా వచ్చి తొంగి చూస్తారు.

రేడియో రోజుల్లో తెలుగువాళ్లు దీన్ని ఒక కార్యక్రమంగానే విన్నారు. ఆకాశవాణి 'సంక్షిప్త శబ్దచిత్రం' పేరుతో సినిమా సౌండ్‌ట్రాక్‌ను కుదించి గంటకు సరిపడా వేసేది. తెర లేదు, టికెట్టు లేదు. అరుగు మీద ట్రాన్సిస్టర్, చుట్టూ పది మంది. తలుపు కిర్రుమంటే ఎవరో వచ్చారని, వీణ మోగితే జ్ఞాపకాల్లోకి వెళ్లారని, ఉరిమితే కష్టం రాబోతోందని అందరికీ అర్థమయ్యేది. హాలు లేని ఊళ్లలో ఎన్నో సినిమాలు అట్ల చెవితోనే విడుదలయ్యాయి. 1986లో ఆదిలాబాద్‌లో ఆకాశవాణి కేంద్రం వచ్చాక తెలుగుతోపాటు గోండీ కార్యక్రమాలు కూడా ఈ గాలిలో వినపడ్డాయి. రేడియో తరంగానికి చెక్‌పోస్టు ఉండదు కదా.

మూడు పొరలు

సినిమా హాల్లో మన చెవిన పడే శబ్దం ఒకేసారి పట్టింది కాదు. మాట, చప్పుడు, సంగీతం అని మూడు పొరలు. వేర్వేరు చోట్ల, వేర్వేరు మనుషులు తయారు చేస్తారు.

మొదటిది మాట. షూటింగులో నటులు పలికింది చాలా సినిమాల్లో గుర్తు కోసమే. తర్వాత డబ్బింగ్ థియేటర్లో తెర చూస్తూ, పెదవుల కదలికకు సరిపడేట్టు మళ్లీ చెబుతారు. ఒకప్పటి కెమెరాలు నడుస్తుంటే కుట్టుమిషన్‌లా టకటకమనేవి. ఆ రొదలో పట్టిన మాట పనికొచ్చేది కాదు. అందుకే ఈ అలవాటు పాతుకుపోయింది. కెమెరాలు నెమ్మదించాక కూడా తీరిగ్గా చెప్పించుకోవడమే మనవాళ్లకు హాయి అనిపించినట్టుంది.

రెండోది చప్పుడు. దీన్ని సినిమావాళ్లు ఎఫెక్ట్స్ అంటారు. హీరో ఇసుకలో నడిస్తే ఒకటి, చెక్క మెట్లెక్కితే ఒకటి, నీళ్లలో దిగితే ఒకటి. ఒక గదిలో ఇసుక తొట్టి, కంకర తొట్టి, చెక్కపలక, రాతిపలక వరసగా పెట్టుకుని ఒక మనిషి తెర చూస్తూ అడుగులు వేస్తాడు. చీర రెపరెప, గాజుల గలగల, గిన్నె కింద పెట్టిన చప్పుడు అన్నీ అక్కడే పుడతాయి. దీనికి ఫోలీ అని పేరు. హాలీవుడ్‌లో టాకీల తొలినాళ్లలో యూనివర్సల్ స్టూడియోలో ఈ పని చేసిన జాక్ ఫోలీ పేరు మీదుగా వచ్చింది. గుర్రం డెక్కల చప్పుడుకు రెండు కొబ్బరి చిప్పలు చాలు. ఫైటింగులో 'డిష్యుం' మాత్రం సృష్టిలో ఎక్కడా లేదు. నిజంగా గుద్దితే వచ్చే శబ్దం చప్పగా, మెత్తగా ఉంటుంది. దాన్ని తెర మీద పెడితే ముందు వరుసవాడు ఊరుకుంటాడా?

మూడోది సంగీతం. ఇందులో పాట వేరు, సీను వెనక నడిచే నేపథ్య సంగీతం వేరు. రెండోదాన్ని మనవాళ్లు రీరికార్డింగ్ అంటారు. జాతీయ అవార్డులు కూడా రెండింటినీ వేరుగానే చూస్తున్నాయి. 2021 సినిమాలకు 2023లో ప్రకటించిన 69వ జాతీయ అవార్డుల్లో పాటలకు 'పుష్ప' నుంచి దేవిశ్రీ ప్రసాద్‌కు, నేపథ్య సంగీతానికి 'ఆర్‌ఆర్‌ఆర్' నుంచి కీరవాణికి బహుమతులొచ్చాయి. రెండూ తెలుగు సినిమాలే కావడం మనకు దక్కిన మురిపెం.

ఈ మూడింటినీ కలిపే పని మిక్సింగ్. ఎక్కడ మాట పైకి రావాలి, ఎక్కడ సంగీతం తగ్గాలి, ఎక్కడ అన్నీ ఆపేసి ఒక్క గడియారం టిక్కుమనాలి అన్నది ఇక్కడ తేలుతుంది. 1989లో వచ్చిన రాంగోపాల్ వర్మ 'శివ'లో నాగార్జున సైకిల్ చైను లాగే సీను చూసినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఆ సీను తల్చుకుంటే బొమ్మకంటే ముందు చప్పుడే గుర్తొస్తుంది.

ఇంకో ముచ్చట. మూకీల కాలంలో కెమెరాను చేత్తో తిప్పేవారు. రీలు వేగం ఆపరేటర్ చేతివాటం. కొంచెం అటూ ఇటూ అయినా కన్ను సర్దుకునేది. టాకీ వచ్చాక ఆ ఆటలు సాగలేదు. వేగం రవ్వంత మారినా గొంతు గీరగానో, బొంగురుగానో మారిపోతుంది. చెవి క్షమించదు. అందుకే సెకనుకు 24 ఫ్రేములని ఖాయం చేశారు. ఇప్పుడు రీళ్లు పోయి డిజిటల్ వచ్చినా ఆ 24 పోలేదు. రీళ్ల రోజుల్లో ఫిల్ము అంచున సన్నటి గీతలా సౌండ్ ఉండేది. ప్రొజెక్టర్‌లో బొమ్మ పడే చోటు ఒకటి, సౌండ్ చదివే చోటు ఇంకొకటి కాబట్టి బొమ్మకంటే దాదాపు 20 ఫ్రేములు ముందుగా శబ్దాన్ని ముద్రించేవారు. రీలు తెగినప్పుడు ఆపరేటర్ అడ్డంగా అతికిస్తే మాట ఒకచోట, పెదవి ఒకచోట ఎగిరిపోయేది అందుకే. ఈలలు, తిట్లు పడింది మాత్రం ఆపరేటర్‌కే.

తెలుగు మాట పుట్టింది బొంబాయిలో

మహారాష్ట్రలో ఉంటూ తెలుగు సినిమాను పరాయి చోట వింటున్నామని అనుకునేవాళ్లకు ఒక మాట. తెలుగు సినిమా నోరు తెరిచిందే మహారాష్ట్ర గడ్డ మీద!

దేశంలో మొదటి టాకీ 'ఆలం ఆరా' 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ థియేటర్లో విడుదలైంది. ఆర్దెషీర్ ఇరానీ తీశారు. స్టూడియో పక్కనే రైలు పట్టాలు. పగలు తీస్తే రైలు కూత కూడా కథలో కలిసిపోయేది. దాంతో రైళ్లు నిలిచే అర్ధరాత్రి తర్వాత, తెల్లవారే లోపు షూటింగు చేసేవారు. కెమెరాకు కనపడకుండా మైకులు దాచేవారు. ఫ్యాక్టరీ హోరు మధ్య ఫోన్లో మాట్లాడే అలవాటున్న మన ఊళ్లవాళ్లకు ఆ కష్టం తొందరగానే అర్థమవుతుంది.

అదే ఏడాది అక్టోబర్ 31న హెచ్.ఎం.రెడ్డి 'కాళిదాస్' వచ్చింది. ఈ సినిమా గురించి సరిహద్దువాళ్లు తప్పక తెలుసుకోవాలి. అందులో హీరోయిన్ టి.పి.రాజలక్ష్మి తమిళంలో మాట్లాడితే హీరో తెలుగులో జవాబిచ్చాడు. జనం నవ్వుకోలేదు. బొమ్మ మాట్లాడుతోందన్న ఆశ్చర్యం ముందు ఏ భాషన్నది చిన్న విషయమైపోయింది. ఒకే ఇంట్లో అవ్వ తెలుగులో అడిగితే కొడుకు మరాఠీలో, మనవరాలు హిందీలో బదులిచ్చే ఇళ్లు ఇక్కడ కొల్లలు. ఆ లెక్కన మనవన్నీ 'కాళిదాస్' ఇళ్లే.

పూర్తిగా తెలుగులో మాట్లాడిన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద'. దాన్నీ హెచ్.ఎం.రెడ్డే బొంబాయిలో తీశారు. సురభి నాటక సమాజం వారు నటించారు. సురభి కమలాబాయి లీలావతి వేషం వేశారు. పాటలు రాసింది ఖమ్మం దిక్కు చందాల కేశవదాసు. 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలోనే మొదటి ఆట పడింది. అదే ఏడాది మరాఠీకి కూడా మొదటి టాకీ వచ్చింది. ప్రభాత్ కంపెనీ కోసం వి.శాంతారామ్ తీసిన 'అయోధ్యేచా రాజా'. ఒకే ఏడాదిలో నోరు విప్పుకున్న తెలుగు, మరాఠీ సినిమాలను అక్కాచెల్లెళ్లంటే తప్పులేదు. హిందీ 'ఆలం ఆరా'లో, ద్రావిడ భాషల 'కాళిదాస్'లో, తెలుగు 'భక్త ప్రహ్లాద'లో మూడింటిలోనూ కనపడ్డ కుర్రాడొకడున్నాడు. ఏలూరు దగ్గరి ఊరి నుంచి వెళ్లిన ఎల్.వి.ప్రసాద్.

అప్పటికి నేపథ్య గానం లేదు. నటులే పాడాలి. కెమెరాకు కనపడకుండా వాద్యాలవాళ్లు చెట్టు చాటునో, తెర చాటునో కూచుని వాయించాలి. హార్మోనియం పెట్టె, తబలా రంగస్థలం నుంచి నేరుగా సినిమాలోకి వచ్చాయి. ధార్వాడ నాటక సమాజం, పార్శీ కంపెనీలు తెచ్చిన వరసలు అప్పటికే మన పద్యనాటకాల్లో కలిసిపోయి ఉన్నాయి. అంటే తెలుగు సినిమా పాటలో ఇటుగాలి మొదట్నించీ ఉంది. ముందే పాట రికార్డు చేసుకుని, తర్వాత నటులు పెదవులు కదిపే పద్ధతి 1935లో కలకత్తాలో నితిన్ బోస్ 'భాగ్యచక్ర'తో గట్టిగా వచ్చింది. ఆ తర్వాతే గొంతు ఒకరిది, మొహం ఒకరిది అయింది.

హాళ్ల పేర్లలో 'టాకీస్' అన్న మాట మిగిలిపోయింది ఆ రోజుల గుర్తుగానే. మూతపడి గోడౌన్లుగా మారిన హాళ్లను కూడా జనం ఫలానా టాకీసు అనే పిలుస్తారు.

మాట లేకున్నా నడిచిన విమానం

మాటే పోతే సినిమా ఉంటుందా అన్నదానికి సింగీతం శ్రీనివాసరావు 1987లోనే సమాధానం చెప్పారు. 'పుష్పక విమానం'లో డైలాగు ఒక్కటి లేదు. కన్నడంలో పుష్పక విమాన, హిందీలో పుష్పక్, తమిళంలో పేసుమ్ పడమ్. పేర్లు మార్చారంతే, లోపల మార్చాల్సిందేమీ లేకపోయింది. ఆహ్లాదకరమైన వినోదం పంచిన ఉత్తమ ప్రజాదరణ చిత్రంగా జాతీయ అవార్డూ గెలుచుకుంది.

డైలాగు లేదు కాబట్టి అది మూకీ అనుకుంటే పొరపాటు. ఆ సినిమా నిండా చప్పుళ్లే. అందులో ఒక ముచ్చట ఉంది. నిరుద్యోగి కమల్‌హాసన్ సినిమా హాలు పక్కన ఒక ఇరుకు గదిలో ఉంటాడు. రాత్రుళ్లు హాల్లోంచి వచ్చే ఫైటింగుల మోత మధ్యనే నిద్రపోవడం అలవాటు. తాగి పడిపోయిన ధనవంతుడి స్థానంలో పెద్ద హోటల్లోకి చేరాక మెత్తటి పరుపు, ఏసీ గది దొరుకుతాయి. నిద్ర మాత్రం పట్టదు. కారణం నిశ్శబ్దం! చివరికి పాత గది దగ్గరికి పోయి ఆ మోతనంతా టేపులో రికార్డు చేసుకొచ్చి, హోటల్ గదిలో పెట్టుకుని హాయిగా నిద్రపోతాడు. పేదవాడి బతుకు గురించి పది డైలాగులు చెప్పలేనిది ఆ టేప్‌రికార్డర్ చెప్పింది. రాత్రి షిఫ్టులకు, లారీల రొదకు అలవాటు పడి, సెలవులకు పల్లెకు పోతే నిద్ర పట్టక దొర్లే సిమెంటు కార్మికులు ఆ సీనుకు నవ్వినంతగా ఇంకెవరూ నవ్వరు.

మంచుగడ్డతో చేసిన కత్తులు పట్టుకుని తిరిగే హంతకుడిగా టినూ ఆనంద్, మెజీషియన్ కూతురిగా అమల చేసినదంతా చూపులతోనే. వాళ్ల మధ్య మాటలు లేని ఖాళీని నింపింది ఎల్.వైద్యనాథన్ సంగీతం. ఎక్కడ వాయించాలో తెలియడం ఒకెత్తు, ఎక్కడ చెయ్యి తీసెయ్యాలో తెలియడం ఒకెత్తు. అన్నట్టు, రేడియోవాళ్లు సంక్షిప్త శబ్దచిత్రంగా వెయ్యలేని సినిమా ఏదైనా ఉంటే ఇదే!

కె.విశ్వనాథ్ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఆయన దర్శకుడు కాకముందు మద్రాసు వాహినీ స్టూడియోలో సౌండ్ విభాగంలో పనిచేశారు. చెవికి పనిపెట్టి పైకొచ్చిన మనిషి. 1986 'సిరివెన్నెల'లో హీరో చూపులేని వేణువు విద్వాంసుడు, హీరోయిన్ మాటలేని చిత్రకారిణి. అతనికి ప్రపంచమంతా శబ్దమే, ఆమెకు ప్రపంచమంతా బొమ్మే. సినిమాను రెండుగా చీల్చి ఇద్దరు మనుషులను చేసినట్టుంటుంది. కె.వి.మహదేవన్ సంగీతంలో ఆ వేణువు వాయించింది హరిప్రసాద్ చౌరాసియా. 1980 ఫిబ్రవరి 2న 'శంకరాభరణం' విడుదలైంది. 2023లో సరిగ్గా అదే తేదీన విశ్వనాథ్ కన్నుమూశారు.

ఇటీవలి 'ఆర్‌ఆర్‌ఆర్' (2022) కథ మన అడవుల్లోనే మొదలవుతుంది. ఆదిలాబాద్ అడవిలో గోండు పిల్ల మల్లి దొరసాని చేతి మీద ముగ్గు వేస్తూ పాట పాడుతుంది. ఆ గొంతు నచ్చి దొరసాని పిల్లను ఎత్తుకుపోతుంది. మూడు గంటల సినిమా కదిలింది ఒక పాట వల్ల. అంత పెద్ద సినిమాకు ప్రపంచం మెచ్చి ఆస్కార్ ఇచ్చింది కూడా పాటకే. 2023 మార్చిలో 'నాటు నాటు'కు కీరవాణి, చంద్రబోస్ అందుకున్నారు.

మరాఠీవాళ్లు అరువిచ్చిన గొంతులు

ఇప్పుడు డబ్బింగ్ దగ్గరికి వద్దాం. తెలుగు సినిమాను హిందీలోకి మార్చేటప్పుడు మూడు పొరల్లో తీసేది ఒక్క మాటను. చప్పుళ్లు, నేపథ్య సంగీతం ఉన్న పొరను ఉన్నదున్నట్టు పంపుతారు. దాని మీద కొత్త గొంతు ఎక్కిస్తారు. చప్పుళ్లు విడిగా దాచిపెట్టని పాత సినిమాలకు తిప్పలు ఎక్కువ. మాట తీస్తే దాంతోపాటు గిన్నె చప్పుడు, జనం గోల కూడా లేచిపోతాయి. అవన్నీ మళ్లీ కొత్తగా వెయ్యాలి. కొన్ని డబ్బింగ్ సినిమాల్లో బజారు సీను కూడా బావిలో మాట్లాడినట్టు వినపడేది అందుకే. టీవీలకు వచ్చేసరికి పాటలు చాలావరకు కోసేస్తారు.

మాట మార్చడం కూడా తేలిక కాదు. ప, బ, మ లాంటి అక్షరాలకు పెదవులు మూతపడతాయి. తెర మీద పెదవులు కలిసిన చోట కొత్త భాషలో కూడా అలాంటి అక్షరమే పడాలి. తెలుగు మాట చాలాసార్లు అచ్చుతో ముగుస్తుంది. వాక్యం చివర నోరు తెరుచుకునే ఉంటుంది. హిందీ మాట తరచుగా హల్లు దగ్గర ఠక్కున ఆగుతుంది. ఆ ఖాళీ పూడ్చడానికి డబ్బింగ్ రచయితలు వాక్యం చివర ఏదో ఒక చిన్న ముక్క తగిలిస్తుంటారు. శ్రద్ధగా వింటే దొరికిపోతుంది.

ఒకప్పుడు గాలి ఇటునుంచి అటు వీచింది. 'నీరా ఔర్ నందా' అనే హిందీ సినిమాను 1950లో 'ఆహుతి' పేరుతో తెలుగులోకి మార్చారు. తెలుగులో మొదటి డబ్బింగ్ సినిమా అది. దానికి మాటలు, పాటలు రాసింది మహాకవి శ్రీశ్రీ. పెదవులకు అక్షరాలు అతికించే పనిని ఆయన ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు చేశారు. ఇప్పుడు గాలి తిరగబడింది. మన సినిమాలు హిందీలోకి పోయి అక్కడ వసూళ్లు కొల్లగొడుతున్నాయి.

ఇందులో మహారాష్ట్రవాళ్లకు తగ్గ వాటా ఉంది. 'బాహుబలి' హిందీలో ప్రభాస్‌కు గొంతు ఇచ్చింది మరాఠీ నటుడు శరద్ కేల్కర్. 'పుష్ప' (2021)లో అల్లు అర్జున్‌కు హిందీ గొంతు ఇచ్చింది ఇంకో మరాఠీ నటుడు శ్రేయస్ తళ్పదే. ఈయన పేరు మొదట మార్మోగింది 2005లో 'ఇక్బాల్'తో. అందులో ఆయనది చెవి వినపడని, మాట రాని బౌలర్ పాత్ర. తీసింది హైదరాబాద్‌లో పుట్టిన నగేశ్ కుకునూర్. హైదరాబాదీ సినిమాలో నోరు మెదపని నటుడు, పదహారేళ్ల తర్వాత తెలుగు హీరోకు నోరై దేశమంతా వినపడ్డాడు. ఇట్లాంటి తమాషా ఏ కథకుడికీ తట్టదు.

గొంతు అరువు తెచ్చుకోవడం మనకేమీ కొత్త కాదులెండి. సుమన్, రాజశేఖర్‌లకు ఏళ్ల తరబడి మాట్లాడింది సాయికుమార్. తెలుగులో కమల్‌హాసన్ గొంతుగా మనం గుర్తుపట్టేది ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యాన్ని. 'అరుంధతి' (2009)లో సోనూసూద్ భయపెట్టింది సగమే, మిగతా సగం భయం రవిశంకర్ గొంతుది. కాబట్టి గొంతు వేరేవాళ్లదైందని గొడవపడటంలో అర్థం లేదు. ఆ గొంతు తెలుగు మాట్లాడిందా లేదా అన్నదే ప్రశ్న.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. హిందీ డబ్బింగే లేకుంటే ఇక్కడి పిల్లలు ఈ సినిమాలు చూసేవాళ్లే కాదు. బడిలో మరాఠీ స్నేహితుడు, హిందీ స్నేహితుడు కూడా మన హీరో నడకను అనుకరిస్తుంటే తెలుగు పిల్లవాడికి ఛాతీ పొంగుతుంది. అది చిన్న లాభం కాదు.

డబ్బింగులో దాటిరానిది యాస

పోయేదేమిటంటే యాస. 'పుష్ప' తెలుగులో చిత్తూరు పలుకుతో నడిచింది. ఆ పలుకులోనే మనిషి ఊరు, కూలి బతుకు, పొగరు అన్నీ తెలిసిపోతాయి. హిందీలో ఆ చోట ముంబయి గల్లీ మాట వచ్చి కూచుంది. బాగానే కూచుంది కానీ శేషాచలం అడవి జారిపోయింది. రసూల్ పూకుట్టి సౌండ్ డిజైన్ చేసిన గొడ్డలి చప్పుడు, లారీ చప్పుడు, దేవిశ్రీ డప్పు అన్నీ హిందీలో కూడా అవే. మనిషి మాత్రం వేరే ఊరివాడయ్యాడు.

మనవైపు పలుకుకు ఇంకో కథ ఉంది. ఆదిలాబాద్, కరీంనగర్ యాస చాలాకాలం తెర మీద కమెడియన్‌కో, రౌడీకో తప్ప దక్కలేదు. ఇంట్లో అవ్వ, బాపు మాట్లాడే మాట సినిమాలో వినపడిందంటే హాల్లో నవ్వు పుట్టించడానికే. సరిహద్దు అవతల ఉండి ఆ మాటనే పట్టుకుని బతికినవాళ్లకు అది ఎంత గుచ్చుకుని ఉంటుందో చెప్పక్కర్లేదు. 'ఫిదా' (2017)లో సాయిపల్లవి తన గొంతుతోనే తెలంగాణ పలుకు పలికినప్పుడు ఆ మాట హీరోయిన్‌ది అయింది.

2023 మార్చిలో వేణు యెల్దండి 'బలగం' వచ్చింది. చావు ఇంట్లో పదకొండు రోజుల కథ. పిట్టకు పెట్టిన కూడు కాకి ముట్టదు, అన్నదమ్ముల పంతాలు తెగవు. భీమ్స్ సంగీతం ఒక పక్కన, చివర్లో బుడిగ జంగాల దంపతులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ ఎత్తుకున్న గొంతు ఇంకో పక్కన. స్టూడియోలో మెరుగు పెట్టిన గొంతులు కావు. చావు ఇళ్ల ముందర నిజంగా పాడి పాడి రాటుదేలినవి. తెలంగాణ పల్లెల్లో వీధుల్లో తెరలు కట్టి ఈ సినిమా వేశారు. ఊరు ఊరంతా కూచుని ఏడ్చింది. మొగిలయ్య 2024 డిసెంబర్‌లో కన్నుమూశారు. ఆ గొంతు మాత్రం సినిమాలో ఉంది.

ఈ సినిమాను హిందీ గొంతులతో ఊహించుకోండి. కథ అర్థమవుతుంది. ఆ ఏడుపు వరస ఏ భాషలోకి దాటుతుంది?

తెలుగులో వినాలంటే సరిహద్దు దాటి ఆదిలాబాద్‌కో కాగజ్‌నగర్‌కో పోవాల్సిన అవసరం ఇప్పుడు మునుపటంత లేదు. ఫోన్లలో, ఇంటర్నెట్ టీవీల్లో కొత్త సినిమాలు చాలావాటికి 'ఆడియో' అని ఒక చోట ఉంటుంది. నొక్కితే భాషల వరస వస్తుంది. తెలుగు ఎంచుకుని, కింద ఇంగ్లిషు అక్షరాలు పెట్టుకోవచ్చు. చాలా ఇళ్లలో ఆ బటన్ ఉందని పెద్దలకు తెలియదు, తెలిసిన పిల్లలు చెప్పరు!

గడ్‌చందూర్‌లో ఒక ఇంట్లో అక్కాచెల్లెళ్లు ఒప్పందం చేసుకున్నారు. నచ్చిన సినిమా మొదటిసారి హిందీలో, రెండోసారి తాత పక్కన కూచుని తెలుగులో. తెలియని మాట వస్తే ఆపి అడగాలి. 'బలగం' వంతు వచ్చినప్పుడు హిందీ ఊసు లేకుండా నేరుగా తెలుగులోనే పెట్టుకున్నారు. మొదటి ప్రశ్న పేరు దగ్గరే వచ్చిందట, బలగం అంటే ఏందని. తాత సినిమా ఆపించి వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. వాంకిడిలో పెద్దనాయిన వాళ్లు, ఆసిఫాబాద్‌లో మేనత్త ఇంటోళ్లు, ఆదిలాబాద్‌లో చిన్నమ్మ పిల్లలు... కాగజ్‌నగర్ దాకా వచ్చేసరికి రెండో చెయ్యి కూడా సరిపోలేదట.